కిటికీ దగ్గర నిలబడే పిల్ల

ఆదివారం రాత్రి, కొమరోలు

ఈ వారంలో ఒకే హీరోయిన్‌వి మూడు సినిమాలు చూశాం, అమ్మా నేనూ, ఫోన్‌ని చెంబుకు ఆనించి పెట్టుకుని. నాకైతే పడవ సినిమాయే నచ్చింది. కథ గుర్తులేదు, వాన గుర్తుంది. బోరు ఎండిపోయిన ఇంట్లో కూర్చుని చూస్తుంటే కాళ్లు తడిసినట్టే అనిపించింది. పోలీసు వేషం మాత్రం ఆమెకు నప్పలేదు. దొంగ వెంట పరిగెత్తినా పూలు కోయడానికి పోతున్నట్టే ఉంది.

ఇవాళ చర్చి నుంచి వచ్చి మూడోది పెట్టాం. మధ్యలో కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి ఆమె మళ్లీ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇది ఏ సినిమానో కాసేపు తెలియలేదు. మూడింట్లోనూ అంతే. మనసు విరిగితే కిటికీ దగ్గరికి పోతుంది, ఎవరికీ ఏమీ చెప్పదు.

"పక్కనే తల్లి ఉండాది గదా, ఆమెకన్నా చెప్పదేంది?" అని అమ్మకు కోపం.

నేను చెంబు జరిపి ఫోన్ సరిగ్గా ఆనించాను. నాలుగు రోజులుండి పోతానని వచ్చాను, నెల దాటింది. ఇక మా ఆయన దగ్గరికి తిరిగి పోనని అమ్మకు ఎట్లా చెప్పేది...

రాత్రి ప్రార్థనలో అమ్మ ఇంట్లో అందరి పేర్లూ చెప్పి, చివర "సినిమాలో ఆ పిల్లకు కూడా ధైర్యమియ్యి ప్రభువా" అంది. నవ్వు ఆపుకుని ఆమెన్ అన్నాను.

పడుకోబోతూ అడిగింది. "ఆ పిల్లయి ఇంకా సినిమాలుండాయా?"

"ఉండాయి మా."

"రేపు పెట్టు." దుప్పటి సర్దుకుంటూ, నా వైపు చూడకుండానే అంది. "తొందరేం లేదు. చెప్పిందాకా చూద్దాంలే."