వెనక్కి తిప్పిన ఉప్పు బండి

అక్కా,

బావకి ఎలా ఉంది? ఈ మాట అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఎందుకో చెప్తాను, మధ్యలో చించి పారెయ్యకుండా చివరిదాకా చదువు. లారీ యజమానులు ఫోన్లు చేసి బెదిరిస్తున్నారని సమ్మె కమిటీ మా అందరి ఫోన్లూ ఒక గోనెసంచిలో వేసి మూతి కట్టేసింది. నాకు అదే మంచిదైంది. నీ గొంతు వింటూ ఇది చెప్పలేను. అందుకే పాలవ్యాను డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

అంత పెద్ద నగరానికి సరుకు వెళ్ళకుండా లారీలవాళ్ళు ఆపగలరా అని మొదట్లో అందరూ నవ్వారు. అక్కడ మూడు రోజులకు మించి సరుకుండదని, నాలుగో రోజుకి కాళ్ళబేరానికొస్తారని చెప్పి అందరినీ ఒప్పించింది నేనే. సరుకు దించుకోకుండా మమ్మల్ని రెండేసి రోజులు రోడ్డు మీద నిలబెట్టి, మొహం కడుక్కోవడానికి చుక్క నీళ్ళైనా ఇవ్వని గోదాములవాళ్ళ మీద నాకున్న కోపం నీకు తెలియనిది కాదు. టోల్‌గేటు దగ్గర ఏ బండి వదలాలో, ఏది ఆపాలో చూసే పని నాకిచ్చారు. పాలు, మందులు వదలాలి. మిగతావన్నీ వెనక్కి.

మూడో రోజు పొద్దున ఒక బండి వచ్చింది. కాగితం మీద ‘ఉప్పు, రెండు వందల బస్తాలు’ అని ఉంది. ముసలి డ్రైవరు “ఆస్పత్రికి బాబూ” అని బతిమాలాడు. “నిన్న సిమెంటు బండివాడు కూడా ఇదే చెప్పాడు లేవయ్యా!” అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఎంత హుషారొచ్చిందో! పోనీ పరదా విప్పి చూడమన్నాడక్కా ఆయన. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది, టైర్లు నొక్కుకున్న తీరు చూసి లోపలేముందో చెప్తానని విర్రవీగాను. విప్పలేదు, బండి వెనక్కి తిప్పమన్నాను.

ఐదో రోజు వాన పడితే, వెనక్కి వెళ్ళకుండా పక్కనే ఆగిపోయిన ఆ ముసలాయన బండి పరదా బిగించడానికి సాయం వెళ్ళాను. బస్తాల మీద ‘డయాలసిస్ వాడకానికి మాత్రమే’ అని ఉంది. కింద బావ వెళ్ళే ఆస్పత్రి పేరు. అప్పటికప్పుడు బండిని పంపించేశాను. మావాళ్ళు అడిగితే పోలీసులు ఒత్తిడి చేశారని అబద్ధమాడాను. రేపటి మీటింగులో సమ్మె పొడిగించాలని మాట్లాడాల్సిందీ నేనే. తిట్టు, కొట్టు, క్షమించానని మాత్రం ఒక్క ముక్క రాయి.

నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ బతికాడు. ముందు ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది చదువు.

నువ్వు బండి ఆపిన రోజు సాయంత్రానికి ఆస్పత్రిలో డయాలసిస్ నీళ్ళలో కలిపే ఉప్పు ఒక్కరికి సరిపడానే మిగిలింది. ఆ పూట వంతు పక్కమంచం టైలరమ్మది. మీ బావ ఆయాసం చూడలేక, “ముందు అన్నయ్యగారికి చెయ్యండి, నాది రేపు చేయించుకుంటాలే” అంది. మాటవరసకైనా నేను వద్దనలేదురా. గబగబా ఆయన్ని మంచమెక్కించాను. ఆ పాపం నాది. ఆవిడన్న ‘రేపు’ కాస్తా రెండు రోజులైంది. నువ్వు వదిలిన బండి వచ్చేసరికి ఆవిడ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇప్పుడు మూతికి మాస్కుతో ఐసీయూలో ఉంది.

నగరం కాళ్ళబేరానికొస్తుందన్నావు. కార్లున్నవాళ్ళు ఊరి బయటికెళ్ళి డిక్కీలు నింపుకొచ్చారు. మా వీధిలో కూరగాయలామె ఖాళీ తట్ట ముందేసుకుని కూర్చుంది. మీ కోపం అన్యాయమని నేననను. తగలాల్సినవాళ్ళకి తగల్లేదు, అంతే.

క్షమించానని నేను రాయను. అది నా చేతుల్లో లేదు. ఆ టైలరమ్మ మొగుడు మీతోనే ఉన్నాడు. మీరంతా ‘బుల్లెట్టు’ అని పిలిచే ఆ సన్నపాటి డ్రైవరే. ఫోను కలవక అతనికింకా ఏమీ తెలీదు. ఆ సాయంత్రం నర్సు “రేపు కూడా ఉప్పు రాకపోతే?” అనడిగితే ఆవిడేమందో తెలుసా? “మా ఆయన అక్కడే ఉన్నాడుగా, ఆస్పత్రి బండిని ఆపనిస్తాడా!” అంది.

ఆవిడ ఇంకా కళ్ళు తెరిచి చూస్తోంది. పాలవ్యాను అతను గుమ్మంలో కాచుకుని ఉన్నాడు, ఇంక ఆపుతాను. మీటింగు సంగతి నీ ఇష్టం. ముందు అతనికి నీ నోటితో నువ్వే చెప్పు. చెప్పి, నీ బండిలోనే తీసుకురా.

అక్క