అక్క పెట్టమన్న విత్తనాలు

చింతామణి, 1958, ఆషాఢం

పోయే ముందు అక్క నా గుప్పిట్లో కాశీరత్నం పూలతీగ విత్తనాలు పోసి "పెట్టు పాపా" అనింది. నాటమనా, దాచిపెట్టమనా? ఇన్నేండ్లుగా ఇదే ప్రశ్న. అడిగేలోపలే అక్క కండ్లు మూసింది. బి.ఏ. చదివి బళ్లో పాఠాలు చెప్పే నాకు ఆ ఒక్క మాట అర్థం కాలేదు. నాటినవి మొలవకపోతే అక్కది ఇంకేమీ మిగలదని భయపడి, కుంకుమ భరిణెలో దాచినాను.

నా దగ్గరే పెరిగిన అక్క కూతురు సరస ఈరోజు ఆ భరిణె తెరిచింది. నేను చూసేసరికి సగం విత్తనాలు చెంబులో నాని ఉబ్బివున్నాయి.

"ఎవరినడిగి తీసినావే?"

"బళ్లో పిల్లోళ్ల మాదిరి వీటినీ కూర్చోబెట్టినావా చిన్నమ్మా? విత్తనాలుండేది పెట్టేదానికే గదా!"

అది నవ్వుతూనే అనింది. ఆ గొంతు మాత్రం అచ్చం అక్కదే.

సాయంత్రం గోడవారన మన్ను గుల్లచేసి వాటిని నాటేసింది. మొలవకపోతే అక్క ఇంకోసారి పోయినట్టే. మొలిస్తే, ఇన్నేండ్లూ ఆమె చెప్పింది ఒకటి, నేను చేసింది ఇంకొకటి...

మిగిలిన సగం భరిణెలోనే ఉండాది. వాటినీ పెట్టాల. ఏ పెట్టడమో నాకింకా తేలలేదు.