టీవీ బల్ల అడుగు అంచులు

బావా,

టీవీ బల్లకి అడుగు వైపు అంచులకి కూడా ఆ వేడికి అంటుకునే టేపు అంటించు. ప్లైవుడ్ పేళ్లు లేచి ఉన్నాయి, ముందు ఉప్పుకాగితంతో రుద్దు. టేపు మీద కాగితం వేసి, అప్పుడు ఇస్త్రీపెట్టెతో నొక్కు. పోయినసారి ఇస్త్రీపెట్టెకి జిగురంటుకుంది, దాంతో పాడైంది నీ చొక్కాయే కాబట్టి ఊరుకున్నాను.

పైఅంచులకే అంటించి, "కిందన ఎవులు సూస్తారే!" అని చేతులు దులుపుకున్నావు. నిన్న నువ్వు డ్యూటీకి వెళ్లాక పాప మొదటిసారి పాకింది. తిన్నగా ఆ బల్ల కిందకే పోయింది. నుదుటి మీద చిన్న గీత పడింది, కంగారుపడకు.

దాన్ని తీసుకుని కొత్తవలసలో అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. సాయంత్రం వస్తాం, ఈలోగా పని అయిపోవాలి.

నీలవేణి

అయ్యాక బోర్లా పడుకుని కిందనుంచి ఓసారి చూడు. పాప పాకడం ఫోన్‌లో తీశాను గానీ పంపను. అంచులు నున్నగా ఉంటే ఎదురుగానే చూద్దువు గాని.