మల్లేశం మామ ముఖం చూపించమన్నాడు

లింబాయత్, సూరత్

ప్రేమగల సుజాతక్కకు,

నీ తమ్ముడు నరేష్ దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. చిన్నదానికి జ్వరం తగ్గిందా? బావను మూతికి గుడ్డ కట్టుకోకుండా బజారుకు పోనియ్యకు. నా గురించి బెంగ వద్దు, రెండు పూటలా తింటున్నాను. రొట్టెలు తినీ తినీ నాలుక చచ్చింది, నీ మామిడికాయ తొక్కు గుర్తొస్తోంది. పంపకు, ఈ రోజుల్లో పార్సెల్ చేరదు.

నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పక్కింట్లో రాజవ్వ అత్త ఏడుస్తుంటే నాతో మాట్లాడటానికి నీకు మనసొప్పలేదని తెలుసు. "నా మొగడు ఊపిరాడక కొట్టుకుంటాంటే నీ తమ్ముడు సిన్మ తీసిండు" అని ఆమె అన్న మాట నాకు చేరింది. జరిగింది ఒక్కసారి నా నోటితో విను అక్కా. తర్వాత నీ ఇష్టం.

ఎండలు ముదిరేసరికి ఇక్కడ రోగం మళ్లీ లేచింది. మా సేఠు ఒక పొద్దున అందర్నీ నిలబెట్టి, "బాహర్ గయే తో బీమారీ లావోగే", బయటికి పోతే రోగం తెస్తారని, కార్ఖానా షట్టర్‌కు బయటి నుంచి తాళం వేయించాడు. పైన రేకులు, చుట్టూ బట్ట నేసే సాంచెల వేడి. వాటి మధ్యనే పడక. సాంచెలు ఆగినప్పుడే ఒకరి దగ్గు ఒకరికి వినపడేది. ముందు దగ్గింది మల్లేశం మామ. నేను సూరత్ వచ్చిన కొత్తలో పోగు అతకడం నుంచి అన్నీ నేర్పింది ఆయనే.

మాతో పని చేయించే ముకద్దంను కిటికీ ఊచలు పట్టుకొని బతిమాలాం. మన జిల్లావాడే. "దవాఖానల జాగ లేదు. ముచ్చట బయటికి పొక్కితే కార్ఖానా మూస్తరు. ఒక్కని కోసం అందరి పొట్ట కొట్టుకుంటరా?" అన్నాడు. లోపలివాళ్లు కూడా తలలు ఊపారు. మామ పక్క సాంచె నడిపే మనిషే ఆయన కంచాన్ని కట్టెతో దూరంగా నెట్టాడు. మామ అది చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

వెనక గల్లీలో స్వప్న అనే అమ్మాయి ఉంది. మనలాగే నేతపని వాళ్ల బిడ్డ, ఇక్కడే పుట్టింది, కాలేజీలో చదువుతోంది. తన స్నేహితులతో కలిసి ఫోన్‌లో 'గల్లీ ముచ్చట' అని వార్తలు పెడుతుంది. పొంగుతున్న మోరీని చూపించి బాగు చేయించారు, మూసిన రేషన్ దుకాణాన్ని చూపించి తెరిపించారు. ఆమెకు ఫోన్ చేస్తే కిటికీ దగ్గరికి వచ్చింది.

"భయ్యా, బయట తాళాన్ని నేను వీడియో తీస్త. లోపల నువ్వు తియ్యి. కానీ ఎవలన్న మాట్లాడాలె. ఉత్త తాళం చూస్తే ఎవ్వలు నమ్మరు."

ఎవ్వరూ ముందుకు రాలేదు. మామ చెయ్యెత్తాడు. ముఖానికి తువ్వాల కడతానంటే వద్దన్నాడు.

"మొకం చూపెట్టు బిడ్డా. మొకం లేకుంటే ఎవడో అంటరు. నాకు పేరున్నది, ఊరున్నది."

పేరు, ఊరు చెప్పాడు. "మమ్ముల తాళమేసి పెట్టిండ్రు. తియ్యుండ్రి" అన్నాడు. మిగతా మాటలు దగ్గులో పోయాయి. ఆపుతానంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. అందుకే ఆపలేదు అక్కా.

రెండు వీడియోలూ కలిపి స్వప్న ఆ రాత్రే పెట్టింది. మర్నాడు అధికారులు వచ్చి తాళం పగలగొట్టించారు. మామను దవాఖానకు తీసుకెళ్లారు. గేటు బయట, వరుసలో ఉండగానే ప్రాణం పోయిందట. మాకు శవాన్ని కూడా చూపించలేదు. ఆ మాట అత్తకు ఎట్లా చెప్పాలా అని నేను ఫోన్ పట్టుకొని కూర్చునేసరికే వీడియో మన ఊరి గ్రూపులోకి చేరింది. ఆమె మొగుణ్ణి ఆమె అట్లా చూసింది.

ఆ వీడియో వల్లే గల్లీ గల్లీనా తాళాలు తీయించారు. జ్వరమున్నవాళ్లను దవాఖానకు చేర్చారు. కానీ మా కార్ఖానాకు సీలు పడింది. మామ తీయించిన షట్టర్ కింది నుంచి బయటపడ్డవాళ్లే స్వప్న ఇంటిమీద రాళ్లు వేశారు. "నీ ఫోన్ల మన్నువడ! మా నోటికాడి బువ్వ గుంజినవ్" అన్నారు. స్వప్న నాన్నకు ఏ సేఠూ పని ఇవ్వలేదు. ఆయన అందరూ చూసేలా కూతుర్ని వీధిలోకి లాక్కొచ్చి కొట్టాడు. చూసినవాళ్లు తృప్తిగా ఇళ్లకు పోయారు.

తర్వాత వీడియో తీసేయమని అత్త బావతో చెప్పించింది కదా. "ఆమె మొగడు భయ్యా. మనదెట్లయితది?" అని స్వప్న తీసేసింది.

సీలు విప్పాక వేరే పని దొరక్క మళ్లీ అక్కడే చేరాను. రోగం ఇంకా పూర్తిగా పోలేదు. మొన్న ముకద్దం మా ఫోన్లు గుంజుకొని షట్టర్‌కు మళ్లీ తాళం వేశాడు. మామ సంగతి గుర్తు చేస్తే నవ్వి, "ఏ వీడియో? ఏడున్నది, చూపెట్టు" అన్నాడు.

ఇంకా ఎవరికీ జ్వరం రాలేదు. వచ్చేదాకా ఆగకూడదనుకున్నాను. మా ఫోన్లు మోగడం లేదని చూడవచ్చిన స్వప్న నిన్న కిటికీ బయట నిలబడి వీడియో తీసింది, నేను మాట్లాడాను. ముఖానికి ఏమీ కట్టుకోలేదు. ఈ ఉత్తరం కూడా ఆమే పోస్టులో వేస్తుంది. పని పోవచ్చు, దెబ్బలు కూడా పడవచ్చు. బావతో నెమ్మదిగా చెప్పు.

మీ అత్తమ్మకు, బావకు దండాలు. పిల్లలకు ముద్దులు. రాజవ్వ అత్త కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. తిట్టినా సరే, పక్కన కూర్చో. నన్ను ఎత్తుకొని పెంచినదానివి, నీ దీవెనే నాకు కావాలి.

స్వప్న నంబరు కవరు వెనక రాశాను. అత్తకు జరిగినట్టు నీకు జరగకూడదని ఆమెను ఆగమన్నాను. ఎవరైనా జ్వరంతో పడిపోతే మాత్రం ఆగదు. ఉత్తరం చదివాక ఆమెకు ఫోన్ చేసి 'అందింది' అని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్పాకే వీడియో పెడుతుంది.

నీ తమ్ముడు,
నరేష్