మీసం తీసిన ఏడాది

జులై 18
కొత్త బ్యాచ్. జాగ్రఫీకి ఎప్పటిలాగే పిడికెడు మంది. ఫస్ట్ బెంచ్‌లో ఖిలేశ్వరి దేవాంగన్ అనే అమ్మాయి. చెవులు వినపడవు. ఏడో ఏట జ్వరమొచ్చి పోయాయట. వాళ్ళన్నయ్య టేక్‌రామ్ వెంట వచ్చి దండం పెట్టాడు. పెదవులు చూసి మాట పట్టేస్తుంది సర్, మీకేం ఇబ్బంది ఉండదు అన్నాడు. ఈ ఒక్క ఏడాది చూస్తాను, పాసైతే చదువుతుంది, లేకపోతే మా షాపులో చీరలకు ఫాల్ కుట్టే మిషన్ ఖాళీగానే ఉంది అని కూడా అన్నాడు. మంచివాడే.

క్లాసంతా ఆ పిల్ల తల ఊపుతూనే ఉంది. అన్నీ అర్థమవుతున్నాయని సంబరపడ్డాను.

ఆగస్టు 2
నా అంత వెధవ ఇంకొకడు ఉండడు. టెస్టులో ఖిలేశ్వరి తెల్ల కాగితం ఇచ్చింది. పిలిచి, పాఠం అర్థమైందా అంటే తల ఊపింది. అర్థం కాలేదా అన్నా ఊపింది. చివరికి బోర్డు మీద రాసి అడిగాను. అప్పుడు ఆ మొద్దు గొంతుతో చెప్పింది. అర్థం కాకపోతేనే ఊపుతాను సర్, ఊపకపోతే అందరూ విసుక్కుంటారు అని.

మరి పెదవులు చూస్తావు కదమ్మా అని రాశాను. చేతిలో చాక్‌పీసు పొడి అయిపోయేదాకా నలిపింది. మీకు పై పెదవి లేదు సర్ అంది.

ఆగస్టు 3
అద్దంలో చూసుకున్నాను. నిజమే. లేదు.

ఆగస్టు 6
మీసం కత్తిరించుకుని వెళ్లాను. సగమే కనిపిస్తోందట. పైగా నేను సగం పాఠం బోర్డు వైపు తిరిగే చెబుతానట. ఇన్నేళ్ళుగా ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

ఆగస్టు 9, పొద్దున
తీసేశాను.

ఆగస్టు 9, సాయంత్రం
బ్లేడు పెట్టేటప్పుడు ఆ సంగతి తట్టనే లేదు. మా వైపు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. నెత్తి మీద జుట్టు నాకు ఎలాగూ లేదు. పాలవాడు గేటు దగ్గర నన్ను చూసి క్యాను కింద పెట్టేశాడు. అయ్యో సాబ్, పెద్దాయన ఎప్పుడు పోయారు అన్నాడు. ఎవడ్రా పోయింది అని వరండాలోంచి బాబూజీ గొంతు.

బాబూజీ రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. ఆయన మీసం ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. అంత తొందరేమొచ్చిందిరా, నాలుగు రోజులు ఆగలేకపోయావా అని లోపలికి వెళ్ళిపోయారు. మా ఆవిడ తారిణి ముందు నవ్వింది. తర్వాత, తీజ్ పండక్కి ఏ మొహం పెట్టుకుని పుట్టింటికి వెళ్ళను అని ఏడ్చింది.

ఆగస్టు 11
రాయ్‌పూర్ నుంచి మేనత్త ఫోన్ చేసి ఒకటే ఏడుపు. బాబూజీయే ఫోన్ లాక్కుని, నేనే మాట్లాడుతున్నాను, దినం భోజనానికి వచ్చెయ్యి అని పెట్టేశారు.

ఆగస్టు 12
ఈ రోజు ఖిలేశ్వరి తల ఊపలేదు. కనుబొమలు ముడిచి, సర్ ఆగండి, ఆ ముక్క మళ్ళీ చెప్పండి అంది. మళ్ళీ చెప్పాను. ఇంకో ప్రశ్న వేసింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. డస్టర్ కోసం వెతుకుతున్నట్టు నటించాను.

సెప్టెంబర్ 5
టీచర్స్ డే. సమోసాలు. స్టాఫ్‌రూమ్‌లో హిస్టరీ తివారీ సర్ నా మూతి చూసి, రేపు కుంటివాడొస్తే కాలు తీయించుకుంటావా చంద్రాకర్ అన్నాడు. అందరూ నవ్వారు. పాఠం చెప్పేటప్పుడు పిల్లల వైపు తిరగమని మాత్రమే అడుగుతున్నానన్నాను. ఇన్నేళ్ళుగా బోర్డుకే చెబుతున్నా, అదెప్పుడూ కంప్లయింట్ ఇవ్వలేదు అన్నాడు. ప్రిన్సిపల్ నోటీసు పెడతానన్నారు. పెట్టారు కూడా. నోటీసు బోర్డు సైకిల్ స్టాండ్ వెనక ఉంది.

సెప్టెంబర్ 14
బాబూజీ ఇప్పటికీ నా మొహం చూడకుండా గోడ వైపు తిరిగే తింటున్నారు.

నవంబర్ 20
ఇవాళ బస్టాండులో రోడ్డుకు అవతల ఖిలేశ్వరి కనిపించింది. హారన్ల గోల. నేను ఇవతల నుంచే, మ్యాపు అయిందా అని పెదవులతో అడిగాను. రంగులు మిగిలాయి సర్ అని అరిచింది. జనమంతా తిరిగి చూశారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ పిల్లతో గొంతు తీయడమే మానేశాను. అవసరం ఏముంది? ఇంట్లోనూ అదే అలవాటైంది. ఉప్పు కావాలంటే నోరు తెరిచి అడగండి, చేపలాగా ఆడించకండి అని తారిణి గోల.

జనవరి 16
ఖిలేశ్వరి గీసినంత శుభ్రంగా మ్యాపు గీసే పిల్లని నేను చూడలేదు. మిగతా సబ్జెక్టులు పుస్తకాలు బట్టీపట్టి ఎలాగో గట్టెక్కుతుంది. నా భయమంతా ప్రాక్టికల్ వైవా మీదే. బయటి కాలేజీ ఆయన వచ్చి నోటితో అడుగుతారు. అందులో విడిగా పాసవ్వాలి. ప్రశ్నలు రాసి ఇవ్వడానికి పర్మిషన్ కోరుతూ యూనివర్సిటీకి అర్జీ పంపాను.

ఫిబ్రవరి 20
జవాబు రాలేదు. రేపే వైవా.

ఫిబ్రవరి 21
ఎలా రాయను.

ఎగ్జామినర్ బక్షీ సర్. బుగ్గలో పాన్. ఖిలేశ్వరి రికార్డు తిరగేసి బాగుందన్నారు. తర్వాత, రసం కారకుండా తల వెనక్కి ఎత్తి, మూసిన నోటితోనే ఏదో అడిగారు. ఆమె తల ఊపింది. రెండోది అడిగారు. ఊపింది. కాగితం మీద రాసి చూపిస్తాను సర్ అన్నాను. రాతపరీక్ష వేరే ఉంది కదండీ, వైవా అంటే నోటితోనే అన్నారు. మూడోది అడిగారు.

ఆమె నా వైపు తిరిగింది.

ప్రశ్న మళ్ళీ చెప్పాను. ప్రశ్న ఒక్కటే. మ్యాపులో కాంటూర్ గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నేల ఎలా ఉంటుంది అని. దేవుడి మీద ఒట్టు, అంతకుమించి ఒక్క అక్షరం లేదు. కానీ గొంతు తీయలేదు. అలవాటు. నిట్టనిలువుగా ఉంటుంది సర్ అని ఆమె టక్కున చెప్పింది.

బక్షీ సర్ నమలడం ఆపారు. ఏమిటి, జవాబు అందిస్తున్నారా అన్నారు. ప్రశ్నే చెప్పానన్నాను. ప్రశ్నైతే గొంతు దాచుకోవడం దేనికండీ అన్నారు. ఆయన లేచి, కిటికీలోంచి పాన్ ఉమ్మేసి వచ్చి, కాపీ అన్నారు.

ఆయన అన్నవాటిలో ఆ పిల్లకి అర్థమైంది ఆ ఒక్క మాటే. మొహం పాలిపోయింది.

ఫిబ్రవరి 22
నా నోరు పడిపోనూ.

మార్చి 4
ఎంక్వయిరీ. తివారీ సర్‌ని అడిగారు. ఆ ఇద్దరూ ఎప్పుడూ చప్పుడు లేకుండానే మాట్లాడుకుంటారు, కాలేజీ అంతా చూసింది అన్నాడు. అబద్ధం కాదు. అందుకేనేమో మీసం కూడా తీశాడు అని ఎవరో అన్నారు. ఎవరో నవ్వారు.

మార్చి 11
ఖిలేశ్వరి ప్రాక్టికల్ రద్దు. ఏడాది పోయింది. నాకు మెమో.

మార్చి 12
టేక్‌రామ్ షాపుకి వెళ్ళాను. తిడతాడేమోనని ఆశపడ్డాను. టీ తెప్పించాడు. మీరు చేసినంత ఎవరు చేస్తారు సర్, దాని రాత అంతే అన్నాడు. మిషన్ ముందు కొత్త కుర్చీ ఉంది. ఇంకా దాని ప్లాస్టిక్ కవరు తీయలేదు. ఖిలేశ్వరి ఇంట్లో ఉంది. పిలవనా అన్నాడు. వద్దన్నాను.

మార్చి 19
ఈ వారం మూతి మీద బ్లేడు పెట్టలేదు. ఇంక ఎవరి కోసం?

ఏప్రిల్ 8
బాబూజీ ఇవాళ నా వైపు తిరిగి కూర్చుని తిన్నారు. తన కంచంలోని చీలా అట్టు ఒకటి నా కంచంలో వేశారు. ఇప్పుడు మనిషిలా ఉన్నావురా అన్నారు.

ఏప్రిల్ 27
ఖిలేశ్వరి టీసీ తీసుకోవడానికి వచ్చింది. ఆఫీసు కిటికీ దగ్గర ఆపి, తప్పంతా నాదే తల్లీ, నన్ను క్షమించు అన్నాను. గొంతు తీసి, అందరికీ వినపడేలా అన్నాను.

నా మూతి వైపు చూసింది. తల ఊపింది.