ఆ శనివారం కారు నడిపినవారు

సెప్టెంబర్ 2, మంగళవారం

కారు మీద కేసు పడింది. కేసంటే కేసు కాదు, లెటర్. అది కూడా నాకు రాలేదు, లీజింగ్ కంపెనీకి వచ్చింది. చట్టం దృష్టిలో కారు వాళ్లది. నేను నెలనెలా డబ్బు కట్టి, కడిగి, ఆయిల్ మార్పించి, దూరం నుంచి ప్రేమించేవాణ్ణి మాత్రమే. ఆ లెటర్‌ని వాళ్లు నాకు ఫార్వర్డ్ చేశారు. ఫార్వర్డ్ చేసిన శ్రమకు ముప్పై ఐదు డాలర్లు వేశారు.

నేరం: ఆగస్టు 23, శనివారం, ఇండియన్ గ్రోసరీ ఉన్న స్ట్రిప్ మాల్‌లో రెండు గంటల లిమిట్ దాటి పార్కింగ్. శిక్ష: తొంభై ఐదు డాలర్లు. వేసింది పోలీసులు కాదు, మేముండే ఫ్రిస్కో సిటీ కాదు, ఎవరో ప్రైవేట్ పార్కింగ్ కంపెనీ. ఈ దేశంలో స్తంభానికి కెమెరా కట్టుకున్నవాడల్లా కలెక్టరే.

పదిహేను రోజుల్లో కట్టాలి, లేదా డిస్ప్యూట్ చేయాలి. డిస్ప్యూట్ చేస్తే ఆ శనివారం కారు నడిపినవారెవరో చెప్పాలి.

నడిపింది సాత్విక్.

సెప్టెంబర్ 3

సాత్విక్ నా రూమ్మేట్. కరీంనగర్ వాడు. మాస్టర్స్ రెండో ఏడాది, ఎఫ్-1 స్టూడెంట్ వీసా. వాడికి క్రెడిట్ హిస్టరీ లేదు, నాకు ఉద్యోగం ఉంది. అందుకని లీజ్ నా పేరు మీద తీసుకున్నాం. వీక్‌డేస్ కారు నాది, వీకెండ్స్ వాడిది.

వీకెండ్స్‌లో వాడు విశ్వనాథం అంకుల్ గ్రోసరీ షాప్‌లో, స్నాక్స్ కౌంటర్ దగ్గర మిర్చి బజ్జీలు వేస్తాడు. ఎఫ్-1 వాళ్లు క్యాంపస్ బయట పని చేయకూడదు. కనుక వాడక్కడ పని చేయడం లేదు. బజ్జీలు వాటంతట అవే వేగుతున్నాయి.

అంకుల్‌తో పార్కింగ్ వాళ్లకి ఒక్క మాట చెప్పించమన్నాను. సాత్విక్ రెండు చేతులూ జోడించాడు. నీకు దండం పెడ్త రఘూ, ఆయనకు కాగితమంటేనే జ్వరమొస్తది, నాకన్నా ముందు చేసిన పూజిత పేరు మీద షాప్‌కి ఏదో కొరియర్ వస్తే తెల్లారే రావద్దన్నడు, సగం సగం ఏసుకుని కట్టేద్దాం రా, లొల్లి వద్దు అన్నాడు. ఈ పని పోతే స్ప్రింగ్ సెమిస్టర్ ఫీజు కట్టలేడు. ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. సీటు పోతే వీసా పోతుంది. అదీ చెప్పాడు.

విన్నాను. విన్నట్టు మీటింగ్ మినిట్స్‌లో నమోదు చేయడమైనది.

అయినా కట్టనన్నాను. ఇది ప్రిన్సిపుల్ అన్నాను. ఆ మాట నోట్లో ఇంత తియ్యగా ఉంటుందని ఇప్పటిదాకా తెలియదు.

సెప్టెంబర్ 6, శనివారం

అపీల్ పూర్తయింది. మూడు పేజీలు. ఎగ్జిబిట్ ఎ: ఆరోజు సాత్విక్ కందిపప్పు, బీన్స్ కొన్న రిసీట్. అంటే ఈ కారు కస్టమర్‌ది. ఎగ్జిబిట్ బి: చెట్టు కొమ్మ వెనక సిగ్గుతో దాక్కున్న మీ రెండు గంటల లిమిట్ బోర్డు. డ్రైవర్ అన్నచోట మా ఇంటి సభ్యుడు అని మాత్రం రాశాను.

పనికి బయల్దేరుతూ సాత్విక్ చదివి పడీపడీ నవ్వాడు. నువ్వు లాయర్ కావాల్సినోడివి రా, కోడ్ రాస్తూ కరాబైతున్నవ్ అన్నాడు. నేను పని చేస్తున్నట్టు ఏడా రాయలే కదా అని రెండుసార్లు అడిగాడు. లేదన్నాను.

సెప్టెంబర్ 7

పంపాను. పంపాక నాలుగుసార్లు చదువుకున్నాను. ఏం రాశాను!

సెప్టెంబర్ 16, మంగళవారం

తిరస్కరించారు. మూడు పేజీలకు ఏడు లైన్ల జవాబు, కింద అపీల్స్ టీమ్, మాయ అని సంతకం. మాయ మనిషో బాటో తెలియదు.

మూడు ఫోటోలు జత చేసింది. ఒకటి 3:52కి కారు లోపలికి. ఇంకొకటి 10:06కి బయటికి. మధ్య దాంట్లో మా డిక్కీ లోంచి ఉల్లిపాయల బస్తా దించుతున్న సాత్విక్, ఒంటి మీద షాప్ వాళ్ల ఆకుపచ్చ ఏప్రన్. కస్టమర్లు సాధారణంగా ఏప్రన్ కట్టుకుని ఆరు గంటలు షాపింగ్ చేయరని మా అభిప్రాయం, అని రాసింది. బాట్ కాదు. బాట్‌కి ఇంత వెటకారం రాదు.

ఫోటో చూసి సాత్విక్ నవ్వలేదు. నేనే మొత్తం ఇస్త, ఇయ్యాలే కట్టేయ్ అన్నాడు. రేపు చూద్దామన్నాను.

సెప్టెంబర్ 17, మధ్యాహ్నం 12:10, ఆఫీస్

దొరికింది! వాళ్ల వెబ్‌సైట్‌లో అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: ఆ మాల్‌లోని షాపుల ఎంప్లాయీస్‌కి రెండు గంటల లిమిట్ వర్తించదు. మాయమ్మా, నీ ఏప్రన్ ఫోటోయే నా బ్రహ్మాస్త్రం.

12:25. రెండో అపీల్ ఫామ్. డ్రైవర్ పూర్తి పేరు. షాప్‌తో సంబంధం: కస్టమర్, ఎంప్లాయీ, వెండర్, అదర్. అదర్ అంటే ఓడిపోతాను. అయినా ఇది పార్కింగ్ కంపెనీ, ఇమ్మిగ్రేషన్ ఆఫీస్ కాదు. వీళ్లెవరికి చెప్పబోతారు?

12:35. ఎంప్లాయీ. సబ్మిట్.

12:36. సాత్విక్‌కి చెప్పలేదు. గెలిచాక సర్‌ప్రైజ్ ఇస్తాను.

సెప్టెంబర్ 20

వాడు పని నుంచి పునుగులు తెచ్చాడు. తిన్నాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం, సాయంత్రం 6:00

అంకుల్‌కి చెప్పారు. ఇంకెవరికి చెబుతారు?

ఈ పేరు గల వ్యక్తి మీ ఎంప్లాయీనా, పని వేళలు కన్ఫర్మ్ చేయండి అని షాప్‌కి ఈమెయిల్ పెట్టారట. అంకుల్ సాత్విక్‌కి ఫోన్ చేశాడు. వాడు చపాతీ పిండి కలుపుతున్నాడు, చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టాడు. అన్నం పెట్టిన చోట నా పేరు రోడ్డు మీద పెడతావా, నేనెవర్నీ పనిలో పెట్టుకోలేదు, నువ్వు మా కస్టమర్‌వి, వాళ్లకీ అదే రాశాను, రేపట్నుంచి కస్టమర్‌గా కూడా రాకు అన్నాడు. ఈ తెలివితక్కువ సలహా ఎవడిచ్చాడ్రా నీకు అని కూడా అడిగాడు.

ఎవరూ లేరంకుల్, నేనే రాసిన అన్నాడు సాత్విక్.

రెండు వారాల జీతం సంగతి అడగలేదు. అడగాలంటే పని చేశానని ఒప్పుకోవాలి.

ఫోన్ కట్ అయ్యాక నా వైపు చూశాడు. నా దగ్గర ఒక జోక్ సిద్ధంగా ఉంది. వేయలేదు. వాడు చపాతీలు చేశాడు. నాకూ చేశాడు.

సెప్టెంబర్ 27, శనివారం

మధ్యాహ్నం మూడున్నరకు అలవాటుగా లేచి కారు కీస్ తీసుకున్నాడు. గుర్తొచ్చి మళ్లీ పెట్టేశాడు.

నీ కోసమే చేశాను రా అన్నాను. నా కోసమైతే నన్ను అడిగేటోడివి అన్నాడు.

యూనివర్సిటీ నుంచి ఏ మెయిల్ వచ్చినా మొహం పాలిపోతోంది. పొద్దున ఒకటి వచ్చింది. లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వమని.

సెప్టెంబర్ 30

గెలిచాను.

ఛార్జ్ క్యాన్సిల్. మా వాదన చూసి కాదు. షాప్ ఓనర్ ఫోన్ కూడా చేసి, మా పాత కస్టమర్, వదిలేయండి అన్నాడట, మర్యాద కోసం వదిలేశారట. కస్టమర్ కాబట్టి. అపీల్ మూడు పేజీలూ ఎవరూ చదివినట్టు లేరు. లీజింగ్ కంపెనీ తన ముప్పై ఐదు వెనక్కి ఇవ్వదు.

సాత్విక్‌కి ఈ శుభవార్త చెప్పలేదు.

అక్టోబర్ 4, శనివారం

వెళ్లిపోయాడు. యూనివర్సిటీ దగ్గర డబుల్ బెడ్రూమ్‌లో ఇప్పటికే నలుగురున్నారు, వీడు హాల్‌లో పడుకుంటాడట. డ్రాప్ చేస్తానన్నాను. వద్దు, క్లాస్‌మేట్ శ్రేయాస్ వస్తుండు అన్నాడు. మరి ఫీజు ఎలా కడతావు అని అడిగాను.

ఎందుకు, మళ్లా లెటర్ రాస్తవా అన్నాడు.

కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

కుక్కర్ మర్చిపోయాడు. తెచ్చివ్వనా అని మెసేజ్ పెట్టాను. చూశాడు. కుక్కర్ ఇంకా స్టవ్ మీదే ఉంది.

అక్టోబర్ 12, ఆదివారం

విశ్వనాథం అంకుల్ నాకు ఫోన్ చేశాడు, నేనూ పాత కస్టమర్‌నే కదా. దీపావళి రష్ బాబూ, వీకెండ్స్‌కి నమ్మకమైన స్టూడెంట్ కుర్రాడెవరైనా ఉంటే చెప్పు, ఆ సాత్విక్‌లా కాగితాలు రాసే రకం వద్దు, కారు లేనివాడైతే మరీ మంచిది అన్నాడు.

చూస్తానంకుల్ అన్నాను.