నక్షత్రం మీద పేరు

అమీర్‌పేట,
డిసెంబరు 14

నవీనక్కా,

పొద్దున నేను లేచేసరికి అమ్మ సూది పట్టుకుని కూర్చుంది. నీ బాబు చనిపోయిన రోజు పెట్టెలో దాచేసిన ఎర్ర బట్ట నక్షత్రాన్ని మళ్లీ తీసింది. క్రిస్మస్ చెట్టుకు కట్టాలని మనవడి కోసం కుట్టిందే అది. అంచు పూర్తయింది. మధ్యలో పేరుకు చోటు వదిలింది.

“ఇప్పుడెందుకమ్మా?” అన్నాను.

“పోయిండని నా మనవడు కాకుండ పోతడా? జర అక్కను పేరడుగు,” అంది.

పేరు బాప్తిస్మం రోజే చెప్తానని మమ్మల్ని ఊరించావు. ఆ రోజు రానే లేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఈ ఉత్తరం బావ చేతికిస్తున్నాను. ఓదార్పు మాటలు చాలా రాశాను. ఒక్కటీ సరిపోలేదు, కొట్టేశాను.

రేపు పొద్దున పంజాగుట్టలో బంగారు దారం కొని మీ ఇంటికి వస్తాను. తలుపు తీయకపోయినా ఫర్వాలేదు. వాణ్ని ఏమని పిలుచుకున్నావో లోపలి నుంచే చెప్పు.

నీ చెల్లి